పొన్నగంటి

కోళ్ళు గూడు చేరే వేళకి
మా ఏస్తేరు నడక మానేసేది.
ఆడుతున్న పిల్లల్లా ఆగి
పాక గుంజ పట్టుకుని కూర్చునేది.
బద్ధకం అనుకున్నాను.
రెండు దెబ్బలు కూడా వేశాను.
అవి ఇంకా నా అరచేతిలోనే ఉన్నాయి.

ఒక మాపు మంచినీళ్ళ చెంబు అందిస్తే
చెంబుకి జానెడు ఇవతల
గాలిని పట్టుకుంది.

మా ఆయన రొయ్యల చెరువు కాపలా.
పదెకరాల ఉప్పునీరు, ఆరు ఏరియేటర్లు,
గట్టు మీద తాటాకు పాకలో మేం ముగ్గురం.
రాత్రల్లా చెరువు చుట్టూ లైట్లే.
"ఇంత లైటులో కనబడకపోవడం ఏవిటే"
అని ఆయన నవ్వాడు.
పిల్ల గట్టు జారి మోకాలు చీరుకున్నాక
మళ్ళీ నవ్వలేదు.

నర్సు కాసులమ్మగారు స్కూటీ ఆపి
పిల్ల రెప్ప పైకెత్తింది.
నల్లగుడ్డు పక్కన, తెలుపు మీద,
పరిగె పొలుసంత మచ్చ.
సబ్బు నురగ ఆరిపోయినట్టుంది.

"ఏం పెడుతున్నావు?"
అన్నం, అన్నాను.
"అన్నంలోకి?"

అక్కడ నా నోరు ఆగిపోయింది.
చారునీళ్ళు. ఆవకాయ బద్ద. ఒక్కోసారి ఉప్పు.
గోదారి కింద ఊళ్ళో అన్నానికేం కరువు?
పిల్ల ఎప్పుడూ ఆకలని ఏడవలేదు.
పొట్ట నిండిన పిల్లకి
కళ్ళు పస్తుంటాయని
నాకెవరు చెప్పారు?

నేను ఏడో తరగతి దాకా చదివాను.
ఆ రాత్రి మేత కలుపుతూ
డబ్బా మీద అక్షరాలు మొదటిసారి చదివాను.
విటమిన్ ఎ, దాని కింద డి, దాని కింద ఇ.
చేపనూనె పట్టించి, నీడన ఆరబెట్టి,
రోజుకి నాలుగు పూటలు
నా చేత్తో నేనే చల్లుతున్నాను.
తట్ట పైకి లాగి టార్చి వేస్తే
రొయ్యల కళ్ళు నిప్పురవ్వల్లా మెరుస్తాయి.
వాటిలో ఒక్కదానికీ
పొద్దుగూకితే తడుముకునే రోగం లేదు.

డబ్బా మూత బిగించాను.
కోపం ఎవరి మీదో తేలలేదు.

ఈ చెరువు ఒకప్పుడు దాళ్వా పొలం.
మా అమ్మ కలుపు తీసి వస్తూ
గట్టున దొరికిన ఆకు ఒడిలో తెచ్చేది.
పోయిన కంటి కూర అన్న మాటే
జనం నోట్లో నలిగి
పొన్నగంటి అయిందని చెప్పేది.
నిజమో కాదో. మేం నవ్వేవాళ్ళం,
వెల్లుల్లి వేసి వేయించిందే తినేవాళ్ళం.
ఇప్పుడీ గట్టు మీద ఉప్పు పూస్తుంది, అంతే.

కాసులమ్మగారు పిల్ల నోట్లో మందు పోసింది,
మర్నాడు మళ్ళీ వచ్చి ఇంకోసారి పోసింది.
"మందు ఇవాళ్టికి. రేపటికి కూర వండు.
నూనె చెంచాడు వెయ్యి, పిసినారితనం చెయ్యకు,
నూనె లేకపోతే ఆకు సత్తువ ఒంటికి పట్టదు."

లాకుల అవతల తీపి కాలవ దాకా నడిచాను.
రేవు పక్కన రెండు గుప్పెళ్ళ తీగ,
మట్టితో సహా పెకలించి తెచ్చాను.
ఖాళీ మేత బస్తా అంచు మడిచి నాటాను.
తాగడానికి కొన్న క్యాను నీళ్ళలో
రోజుకో గ్లాసు దానికి.
"నీళ్ళు కొని కలుపు పెంచుతావా" అన్నాడాయన.
అని, తన గ్లాసులో సగం దానికే పోశాడు.

ఇరవై రోజులయింది.
మచ్చ పల్చబడిందనుకుంటాను.
అనుకోవడమో, నిజమో.
నిన్న మునిమాపున పిల్ల
గుంజ వదిలి తట్ట దగ్గరికొచ్చింది.
టార్చి వేశాను.
"ఎన్ని కళ్ళున్నాయే?"
వేలు పెట్టి, నెమ్మదిగా లెక్కపెట్టింది.
"ఆరు."

పది ఉన్నాయి.
నేనేం అనలేదు.
మిగతా నాలుగూ ఎక్కడికి పోతాయి,
రేపు మళ్ళీ తట్ట లాగాలిగా.